ఊరి కుంటలు, అందలి ప్రాణికోటి, మన సంఘముల విధి

వేసవి సమీపించినంతనే మన సంఘముల సభలలో తప్పక చర్చకు వచ్చు విషయము కుంటల పూడిక. ఎంత లోతు తీయింపవలయును, ఆ మట్టి ఎవరి చేలకు ఎన్ని ట్రాక్టరుల చొప్పున చేరవలయును, ఖర్చు ఎవరు భరింపవలయును అను ప్రశ్నలపై గంటలకొలది మాట్లాడుకొందుము. కాని ఆ కుంటలో నివసించు కప్ప, తాబేలు, కొంగ, తూనీగ, చేప అనువాని మాట మన తీర్మానముల పుస్తకములో ఒక్క పంక్తియందైనను కానరాదు. అవి సభకు రావు, చేయి ఎత్తవు. అయినను మన పంటలో వాని పాలు కలదు.

ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే. ప్రతి కుంటలోను నాలుగవ వంతు మేర యంత్రము, పార, పశువు త్రొక్కకుండ ప్రాణులకు విడిచిపెట్టవలయును. ఎందుకు విడిచితిమో ఊరిలోని పిన్న పెద్దలందరికి తెలిసియుండవలయును. మొదటి పని సులభము, రెండవది కష్టము. అయితే రెండవది లేక మొదటిది నిలువదు. కారణము తెలియని కట్టుబాటును మొదటి అవసరమున ఎవరో ఒకరు దాటుదురు.

1. కుంటలో ప్రాణమెచ్చట నున్నది?

మన తెలంగాణమున చెరువు త్రవ్వించుట పుణ్యకార్యముగా ఎంచబడినది. కాకతీయుల కాలమున, 13వ శతాబ్దమున, వెలసిన రామప్ప, పాకాల, లక్నవరము చెరువులు నేటికిని నీరిచ్చుచున్నవి. పెద్ద చెరువు మత్తడి దుమికిన నీరు క్రింది చెరువునకు, దాని మత్తడి నీరు ఊరి కుంటకు చేరునట్లు గొలుసుకట్టుగా నిర్మించిన నేర్పు మన పూర్వులది. 2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులకు రాష్ట్రమున 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకు వచ్చినవి. నాడు తీసిన పూడికమట్టి చేలకు చేరి ఎరువుగా నుపయోగపడెను. పూడిక తీయుట మంచి పనియే. మేము దానికి విరోధులము కాము.

కాని పూడిక తీయువేళ ఒక సంగతి మరచుచున్నాము. కుంటకు కట్ట, తూము, మత్తడి, శిఖము అను భాగములు కలవు. రైతు కన్ను కట్టవైపు నున్న లోతు నీటిపై నుండును, ఏలయన తూమునకు అందునది ఆ నీరే. ప్రాణులు అధికముగా నుండునది మాత్రము దాని కెదురుగా, శిఖమువైపు నీరు పలుచగా పరచుకొన్న తావున. అచ్చట నీరు మోకాలిలోతునకు మించదు. ఎండ అడుగువరకు దిగును. తుంగ, జమ్ము, కలువ వేరూనును. వాని మొదళ్లయందు పురుగులు, నత్తలు, చేపపిల్లలు చేరును. వానిని తినుటకు కొంగ వచ్చి నిలుచును. కొంగ కాలు ఎంత పొడవో అంత లోతు నీటిలోనే అది మేయగలదు. నిలువు గోడవలె చెక్కిన ఒడ్డు గల గోతిలో ఎంత నీరున్నను కొంగకు నిలువ నీడ లేదు, తాబేలు గట్టెక్కలేదు, కప్ప గ్రుడ్లు పెట్టుటకు గడ్డిపోచ దొరకదు.

మనము యంత్రమును దింపినపుడు ముందుగా చెక్కివేయునది ఈ పలుచని అంచునే. అచ్చట మట్టి మెత్తన, ట్రాక్టరు సులభముగా దిగును. పొదలు తీసివేసిన కుంట శుభ్రముగా నున్నదని పదిమంది మెచ్చుకొందురు. ఆ శుభ్రతయే ప్రాణులకు చేటు.

2. బొగ్గుసీమలోని కుంటల స్థితి

సింగరేణి గనులలో 1889లో ఇల్లందు ప్రాంతమున త్రవ్వకము మొదలై 1989 నాటికి నూరేండ్లు నిండెను. ఆ నూరేండ్ల పండుగ పేరే మన సెంటినరీ కాలనీకి నిలిచినది. రామగుండము, గోదావరిఖని మొదలుకొని రామగిరి, మంథని వరకు గల ఈ సీమలో రైతు పొలము, కార్మికుని క్వార్టరు, గని గట్టు ప్రక్కప్రక్కన నున్నవి. బొగ్గు వలన వేలాది కుటుంబములకు అన్నము దొరకినది. ఈ మాట ఎవ్వరును కాదనరు. అయితే ఓపెన్‌కాస్టు గని వచ్చినచోట భూమితోపాటు దానిలోని కుంటయు పోవును. బొగ్గుపై నుండి తీసిన మట్టి గుట్టలుగా పేరుకొని, వానకు కరగి, క్రిందనున్న కుంటలకు ఒండ్రుగా దిగును.

ఇట్టి సీమలో మిగిలిన ప్రతి కుంటకును విలువ హెచ్చును. మనిషి ఇల్లు పోయిన వేరొక కాలనీకి మారును. పక్షి ఎగిరి పది కోసులు పోవును. కప్ప, తాబేలు అట్లు పోజాలవు. చేరువలో మరియొక నీటి తావున్నగాని వాని వంశము నిలువదు. కావున ఒక ఊరి కుంట పోయినపుడు ప్రక్క ఊరి కుంటయే వానికి దిక్కు.

గనులనుండి తోడిన నీటిని కొన్నిచోట్ల చుట్టుపట్ల చెరువులకు విడుచుచున్నారు. ఇది సాగునకు మేలు. మన సంఘములు మాత్రము రెండు జాగ్రత్తలు కోరవలయును. ఆ నీరు ముందుగా ఒక గుంటలో నిలిచి మసి, మట్టి అడుగునకు దిగిన పిమ్మటనే కుంటకు రావలయును. ఏటేట ఆ నీటిని పరీక్ష చేయించి ఫలితమును సభలో చదివి వినిపింపవలయును.

వన్యప్రాణులనిన దూరపు అడవులలోని పులులు, ఎలుగుబంట్లు మాత్రమే అని కొందరు తలంతురు. మన గోదావరి ఒడ్డుననే, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల సరిహద్దున, మొసళ్లకై ఏర్పరచిన శివారం అభయారణ్యము కలదు. మొసలికి మడుగు ఎట్టిదో, కప్పకు మన కుంట అట్టిది.

3. మేము చేసిన తప్పు

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా తప్పు ఒప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మాకు సంబంధించిన ఒక సంఘమున కుంట పూడికకు తీర్మానము జరిగెను. శిఖమువైపు జమ్ము, తుంగ దట్టముగా పెరిగియుండెను. అచ్చట పాములున్నవనియు, దోమలు పుట్టుచున్నవనియు సభ్యులు చెప్పిరి. మేమును చేయి ఎత్తితిమి. యంత్రమును దింపి నాలుగు ప్రక్కలను నిలువుగా చెక్కించి, అడుగంతయు ఒకే లోతు చేయించితిమి. మట్టి చేలకు చేరెను. అందరును సంతసించిరి.

ఆ ఏడు తొలకరి వాన కురిసిన రాత్రి మా వాకిట కూర్చుండియుంటిమి. ఏటేట ఆ రాత్రి కప్పల అరుపులతో చెవులు గింగురుమనెడివి. ఆ రాత్రి కుంటవైపునుండి ఒక్క అరుపును రాలేదు. అప్పుడును మాకు బోధపడలేదు. వానలు ముదిరిన పిమ్మట ఒక దూడ నీటికి దిగి, నిలువు గట్టు ఎక్కలేక మునిగిపోయెను. చలికాలమున కొంగలు వచ్చి కుంటపై రెండు చుట్లు తిరిగి వాలకయే పోయెను. తాబేళ్లేమైనవని ఒక పిల్లవాడు మమ్మడిగెను. పూడికమట్టితోపాటు అవియు ట్రాక్టరులలో పోయినవని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

పెద్దవాడైన నీరటి ఒకడు అంతకుముందే మాతో, "ఆ మూల ముట్టకుండ్రి, అది కుంటకు పురుటిగది" అని చెప్పియుండెను. సభలో అతని మాటను పట్టించుకొన్నవారు లేరు. అతడు సభ్యుడు కాడు. మేము నేర్చిన మొదటి పాఠము ఆ నీరటిదే. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క మాటకు వివరణ.

4. ఏ ప్రాణి మనకేమి చేయుచున్నది?

కప్ప: కప్ప బ్రదుకు సగము నీట, సగము గట్టున. దాని పిల్లలగు తోకకప్పలు కుంటలో పెరిగి, కాళ్లు వచ్చిన పిమ్మట పొలములకు చేరి రాత్రులందు పురుగులను పట్టి తినును. ఒకప్పుడు మన దేశమునుండి కప్పకాళ్లు విదేశములకు ఎగుమతి యగుచుండెను. పొలములలో కప్పలు తరిగి పురుగు పెరుగునను భయమున 1987లో ప్రభుత్వము ఆ వ్యాపారమును నిషేధించెను. కప్ప రైతునకు కూలి అడుగని పనివాడని నాడు దేశమంతయు ఒప్పుకొన్నట్లే.

తూనీగ: ఎగురు తూనీగను ఎల్లరు చూతురు. దాని పిల్ల నీటిలోనే పెరుగునని కొందరికే తెలియును. ఆ పిల్ల నీటిలోని దోమపిల్లలను వేటాడును. రెక్కలు వచ్చిన తరువాత ఎగురు దోమలను పట్టును. అది నీటినుండి పైకి వచ్చుటకు ఒక తుంగకాడ కావలయును. కాడ లేనిచో తూనీగ లేదు.

నత్తగుల్ల కొంగ: దీని ముక్కు మూసినను నడుమ సందు కనబడును. నత్తలను పట్టుటకు తగిన ముక్కు ఇది. వరిమడిలో నత్తలు పెరిగి లేతపైరును కొరుకునపుడు ఈ కొంగయే మనకు సాయము.

తెల్లకొంగ: నాగలి వెంట, ట్రాక్టరు వెంట నడచి, మట్టిలోనుండి పైకి వచ్చిన పురుగులను ఏరి తినును. ఇది పగలు పొలమున మేసి, రాత్రి నీటి చెంత చెట్లపై గుంపుగా నిద్రించును. ఆ చెట్లు కొట్టివేసిన మన పొలమునకు అది రాదు.

నీరుకట్టె: దీనికి విషము లేదు. కప్పలను, చేపలను తిని బ్రదుకును. పామనినంతనే కర్ర ఎత్తుట తగదు. గట్టుమీది జెర్రిపోతునకును విషము లేదు. అది ఎలుకలను తిని మన ధాన్యమును కాపాడును.

కొర్రమట్ట: నీరు తరిగి బురద మిగిలినను ఈ చేప పైగాలి పీల్చి కొంతకాలము బ్రదుకగలదు. ఇది కలుపుమొక్కల నడుమ గూడు కట్టి, పిల్లలను తల్లిదండ్రులు కాపాడుకొనును. అంచుమొక్కలు పోయిన కుంటలో కొర్రమట్ట సంతానము నిలువదు. అంగడిలో దీని ధర ఎంతయో మత్స్యకారులకు మేము చెప్పనక్కరలేదు.

5. కాపాడుకొన్న ఊళ్లు

ఇది జరుగు పనియేనా యని అడుగువారికి మన చుట్టుపట్ల దేశమునుండియే నిదర్శనములు కలవు.

తమిళదేశమున చెంగల్పట్టు చేరువ వేడంతాంగల్ అను చిన్న ఊరి చెరువులోని చెట్లపై వేలాది నీటిపక్షులు గూళ్లు కట్టును. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీరు పారిన పొలములకు ఎరువు తక్కువైనను పంట పండునని అచ్చటి రైతులు తరతరములుగా ఎరుగుదురు. తుపాకులతో పక్షులను కొట్టుచున్నారని 18వ శతాబ్దము చివర ఆ గ్రామస్థులు కలెక్టరునకు మొరపెట్టుకొనిరి. 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ పక్షులను కొట్టరాదని వారికి కౌలు వ్రాసి యిచ్చెను. ఏ సర్కారును చెప్పకమునుపే, తమ పంట కొరకు రైతులే పక్షులను కాపాడిన కథ యిది.

శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు చలికాలమున గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చును. ఆ జిల్లాలోనే తేలుకుంచి గ్రామమునకు వానకాలమున నత్తగుల్ల కొంగలు వచ్చి ఇండ్ల నడుమ చెట్లపై పిల్లలను పెట్టును. అవి వచ్చిన వానలు వచ్చునని ఊరివారి నమ్మిక. గుంటూరు చేరువ ఉప్పలపాడు ఊరి చెరువులో తుమ్మచెట్లపై గూడబాతులు కాపురముండును. హిందూపురము ప్రాంతపు వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు ఇంటి ఆడపడుచులవలె చూచుకొందురు.

ఈ ఊళ్లలో ఎక్కడను తొలుత గొప్ప ఖర్చు జరుగలేదు. చెట్లు కొట్టలేదు, పక్షిని కొట్టనీయలేదు, పిల్లలకు ఆ సంగతి నేర్పిరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దేశమంతట అడవిపక్షుల వేటను నిషేధించినది. కాని చట్టము కాగితముపై నుండును. ఉండేలు పట్టిన పిల్లవాని చేయి ఆపునది ఇంటి మాటయే.

పూడ్చిన కుంట మాట యేమని కొందరడుగుదురు. ఇంగ్లండులో నార్‌ఫోక్ అను ప్రాంతమున పొలము పెంచుకొనుటకై రైతులు పూర్వము అనేక కుంటలను పూడ్చిరి. ఇటీవల పండితులు, రైతులు కలిసి అట్టివానిని మరల త్రవ్వగా, దాదాపు 150 ఏండ్ల క్రిందట పూడ్చిన కుంట అడుగుననున్న విత్తనములుకూడ నీరు, వెలుతురు తగిలినంతనే మొలకెత్తెను. కావున పూడిన కుంటను చచ్చినదిగా ఎంచి ఇండ్ల స్థలములుగా పంచుకొనరాదు. పాత అడుగుమట్టిని కదల్పకుండ త్రవ్విన అది తానై తిరిగి బ్రదుకును.

6. చేయవలసిన పనులు

మొదటిది. ఎకరము కుంటలో 10 గుంటల మేర, శిఖమువైపు, ముట్టకుండ విడువుడు. హద్దునకు రాళ్లు పాతుడు.

రెండవది. మిగిలిన భాగమున పూడిక తీయునపుడు పాత అడుగు దాటరాదు. అడుగుననున్న జిగటబంకమట్టి పొరను చీల్చిన నీరు ఇంకిపోయి కుంట త్వరగా ఎండును. పెద్ద కుంటయైన ఈ ఏడు సగము, మరుసటి ఏడు సగము తీయుడు.

మూడవది. తూముకడ తప్ప గట్టును నిలువుగా చెక్కరాదు. ఒక అడుగు లోతు దిగుటకు 8 మొదలు 10 అడుగుల వాలు ఉండవలయును. పశువునకు, పిల్లవానికి, తాబేలునకు ఇదియే క్షేమము.

నాలుగవది. లోతైన తావున ఒక మడుగు విడువుడు. నడివేసవిలో చేపలు, తాబేళ్లు అందు తల దాచుకొనును. పూడికమట్టి తీయువేళ తాబేలు కనబడిన మడుగులో విడువవలయును.

ఐదవది. పని ఏప్రిల్, మే నెలలలో ముగియవలయును. తొలకరి పడిన పిమ్మట యంత్రము దింపిన కప్పల గ్రుడ్లు, నీటికోళ్ల గూళ్లు నశించును.

ఆరవది. కుంటకు, చేనికి నడుమ 10 అడుగుల గడ్డిపట్టె ఉంచుడు. పత్తి చేలకు కొట్టిన మందు వానతో కుంటకు దిగకుండ ఆ గడ్డి కొంత ఆపును. మందు పంపులను, డబ్బాలను కుంటలో కడుగరాదు.

ఏడవది. శిఖమువైపు నల్లతుమ్మలు నాటుడు. కట్టపై మాత్రము పెద్దచెట్లు నాటరాదు. వేళ్లు కట్టను సడలించును.

ఎనిమిదవది. గుర్రపుడెక్క కనబడిన నాడే తీసివేయుడు. అది నీటిని కప్పి వెలుతురు, గాలి అందకుండ చేయును. తుంగ, జమ్ము, కలువ అట్టివి కావు. అవి మూడవ వంతు మించి పరచుకొన్నపుడు కొంత కోసిన చాలును.

7. సభ్యుల సందేహములు

దోమలు పుట్టవా? డెంగ్యూ దోమ ఇంటి చెంత కూలరులలో, పాత టైరులలో, మూత లేని కుండలలో నిలిచిన నీటిలో పుట్టును. చేపలు, తూనీగ పిల్లలు గల కుంటలో దోమపిల్లకు శత్రువులు అనేకులు. కొందరు దోమలకై గంబూసియా చేపను వదలుదురు. అది తోకకప్పలను సైతము తినివేయును. మన వాగులలోని చిన్నచేపలే చాలును.

పక్షులు చేపలను తినవా? తినును. నష్టము లేదని మేము చెప్పము. 2016 నుండి ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకము ఆరంభించినది. ఆ పిల్లలు బొటనవేలంత యున్నపుడు పక్షులకు సులభముగా చిక్కును. మొక్కలు గల అంచున అవి దాగుటకు చోటు దొరకును. బోడి కుంటలో దొరకదు. మత్స్యకార సంఘమును పిలువక కుంట విషయమున ఏ తీర్మానమును చేయరాదు. వలలు వేయు తావు, విడిచిన మూల ఏవియో ఇరుసంఘములు కలిసి నిర్ణయింపవలయును. ప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను ఎవ్వరును వదలకుండ చూచుటయు ఉభయుల పని.

నీటికోళ్లు నారుమడిని పాడుచేయవా? కొన్ని చేయును. నారుమడిని కుంట అంచునకు దూరముగా పోయుటయు, ఆ కొన్ని దినములు కావలి కాయుటయు దీనికి మార్గము.

పాడుబడిన గనిగుంతలలో నీరు కలదు గదా, ప్రాణులకు అవి చాలవా? వాని ఒడ్డులు నిలువు, లోతు అపారము. ఆ ఒడ్డులను వాలుగా చేసి, మొక్కలు పెంచినగాని అవి కుంటలు కాజాలవు. ఆ పని గనివారిది. మన పిల్లలను ఆ దరికి పోనీయరాదు.

8. ఊరికి నేర్పుట ఎట్లు?

ఉపన్యాసమొకటి చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట బోధనము కాదు. ముందు మనము నేర్వవలయును. నీరటిని, ముసలి మత్స్యకారుని, పశుల కాపరిని సంఘ కార్యాలయమునకు పిలిచి, కుంటలో పూర్వమేమేమి ఉండెను, ఏది ఎప్పుడు కానరాకపోయెను అని అడిగి వ్రాసికొనుడు. ఊరిలో ప్రాణుల పేర్లు ఎరిగినవారు వీరే. వీరితో ఆ పేర్లు పోకుండ చూడుడు.

అటుపై నెలకొక ఉదయము, సూర్యోదయమునకు ముందే, పదిమంది పిల్లలను పెద్దల వెంట కుంటకు తీసికొనిపోవుడు. కేకలు వేయక, రాళ్లు విసరక అరగంట కూర్చుండిన చాలును. లకుముకి పిట్ట ఎండుకొమ్మనుండి నీటికి దుమికి చేపతో లేచుట ఒక్కమారు కన్నులార చూచిన పిల్లవాడు ఆ కొమ్మను విరువడు. సెంటినరీ కాలనీ క్వార్టరులలోని పిల్లలనుకూడ పిలువుడు. వారి తాతలు రైతులే. కుంట వారికి కొత్త, నెత్తురునకు పాత.

సంఘ కార్యాలయమున "కుంట పుస్తకము" ఒకటి ఉంచుడు. తేదీ, తూముకడ నీటి మట్టము, కనబడిన పక్షులు, కప్పలు అరచిన మొదటి రాత్రి అందు వ్రాయవలయును. ప్రతి ఏట జనవరిలో ఆసియా ఖండమంతట నీటిపక్షుల లెక్క జరుగును. ఇది 1987లో మొదలైనది. మన కుంట లెక్కయు అందు చేర్పవచ్చును. బడిలో జాతీయ హరితదళమున్నచో ఆ పని వారికి అప్పగింపుడు. 1971లో ఇరానులోని రామ్సారు పట్టణమున తడినేలల రక్షణకై దేశములు ఒప్పందము చేసికొన్న ఫిబ్రవరి 2వ తేదీన ఆ పుస్తకమును సభలో చదివి వినిపింపుడు.

స్త్రీలకు వేరుగా బోధింపనక్కరలేదు. బతుకమ్మ పండుగయే మనకు పెద్ద బడి. సద్దుల బతుకమ్మ నాడు గునుగు, తంగేడు పూలు కుంటకు చేరును. ఊరంతయు నీటి ఒడ్డున నిలుచు ఆ సాయంకాలమున విడిచిన మూలను అందరికి చూపి, అది ఎవరి పురుటిగదియో నాలుగు మాటలలో చెప్పిన చాలును. ప్లాస్టిక్కు పూలు, సంచులు నీట విడువకుండ స్త్రీలే కట్టడి చేయగలరు. వినాయకుని మట్టి ప్రతిమలను నిలుపుటయు, నిమజ్జనమునకు ఒక మూలను ఏర్పరచుటయు యువజనులకు అప్పగింపదగిన పనులు.

9. ఇది సహకార సంఘము పనియేనా?

అప్పులు, ఎరువులు, విత్తనములు చూచుకొనక కొంగల లెక్క మనకేల యని కొందరు నవ్వవచ్చును. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాండ్రు సహకార దుకాణము తెరచిన తరువాత కొద్దికాలమునకే లాభములో కొంత సభ్యుల విద్యకై కేటాయించిరి. 1995లో ప్రపంచ సహకార సమితి ప్రకటించిన ఏడు సూత్రములలో ఐదవది విద్య, ఏడవది సంఘము నెలకొన్న ఊరి మేలు. అదియుగాక, కుంట ఒక్కరి సొత్తు కాదు. ఒక్కడు కాపాడబూనిన రెండవవాడు పాడుచేయును. ఒక్కడు పాడుచేసిన నష్టము అందరిది. ఇట్టి సొత్తును కాపాడుటకే సహకారము పుట్టినది.

సభ్యులు రాబోవు సభలో ఈ క్రింది తీర్మానమును ప్రతిపాదింపవలయునని మా ప్రార్థన:

"మన గ్రామ కుంటలో శిఖమువైపు నాలుగవ వంతు మేర ప్రాణులకై విడువబడినది. ఆ మేర పూడిక తీయుట, పొదలు కాల్చుట, వేటాడుట జరుగరాదు. పూడిక పని తొలకరికి ముందే ముగియవలయును. కుంట పుస్తకము సంఘ కార్యాలయమున నుండును. నీరటిని, మత్స్యకార సంఘమువారిని పిలువక కుంట విషయమై ఏ నిర్ణయమును చేయరాదు."

మా కుంటలో మేము చెక్కించిన గట్టును రెండేండ్ల తరువాత ఒక ప్రక్క తిరిగి వాలుగా చేయించితిమి. తుంగ తానై మొలచినది. కప్పలు మరల అరచుచున్నవి, మునుపటంత కాదు. తాబేళ్లు ఇంకను రాలేదు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు మేమింకను బదులు చెప్పవలసియున్నది. మీ కుంటలో తాబేలు ఇంకను ఉన్నయెడల, ఈ వేసవి యంత్రమును దింపుటకు ముందు ఈ పాఠమును ఒక్కమారు సభలో చదువుడు.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన కుంట శిఖమువైపు ఇప్పుడు నీరు ఎన్ని అడుగుల లోతున నిలుచుచున్నది? వాలు ఎట్లున్నది?
2. ఇరువది ఏండ్ల క్రిందట ఉండి నేడు కానరాని పక్షులు, చేపలు ఏవి? చెప్పగలవారు ఊరిలో ఎవరు?
3. మందు పంపులు కడుగుటకు కుంటకు దూరముగా ఎచ్చట చోటు ఏర్పరుపవచ్చును?
4. గని నీరు మన కుంటకు వచ్చుచున్నదా? వచ్చినయెడల కడపటి పరీక్ష ఎప్పుడు జరిగినది?
5. విడిచిన మూల హద్దు ఎవరు కాతురు? ఆ సంగతి పిల్లలకు ఎవరు చెప్పుదురు?